చెలకలో దొరికిన పాత బిళ్లలను కడగాలా, అలాగే ఉంచాలా?

పత్తిచేను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. పోయిన కార్తీకంలో పత్తి ఏరుతుండగా మా అమ్మ పుస్తెలతాడులోని బంగారు గుండు ఒకటి తెగి చేనులో పడిపోయింది. ఎంత వెతికినా కనిపించకపోవడంతో, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నేను ఆన్‌లైన్‌లో ఒక మామూలు మెటల్ డిటెక్టర్ కొని, రెండు ఆదివారాలు మా చెలకంతా సాలు వెంట సాలు తిరిగాను. పురుగుమందు డబ్బాల రేకు మూతలు, నాగలి కర్రు ముక్క ఒకటి, లెక్కలేనన్ని మేకులు దొరికాయి కానీ గుండు దొరకలేదు. అయితే గట్టు మీది వేపచెట్టుకు పది అడుగుల దూరంలో, జానెడు లోతులోనే, తొమ్మిది పాత బిళ్లలు బయటపడ్డాయి.

వాటిలో ఐదు మందపాటి రాగి బిళ్లలు. పచ్చటి కిలుము పట్టి, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకటి రూపాయంత పెద్దది. నల్లబడి, అక్కడక్కడా పచ్చమచ్చలతో ఉన్నా వెలుతురుకు వంచి చూస్తే చార్మినార్ ఆకారం లీలగా కనిపిస్తోంది. మిగిలిన మూడు చిన్నవి, బూడిదరంగువి, వాటి పరిమాణానికి మించిన బరువుతో ఉన్నాయి; వాటి మీద తెల్లటి పొడిలాంటిది ఉంది.

నేను ఊరి నుంచి తిరిగి వచ్చేలోపే అమ్మ ఒక రాగి బిళ్లను, పండగకు ఇత్తడి బిందెలు తోమినట్టే, చింతపండు వేసి తోమేసింది. అది ఇప్పుడు కొత్త రాగి చెంబులా ఎర్రగా మెరుస్తోంది కానీ, మొదట వేలికి తగిలిన గీతలు ఇప్పుడు తగలడం లేదు. మా బావమరిది మిగిలినవాటిని కూల్ డ్రింకులో నానబెట్టమంటున్నాడు. ఫోనులో మాట్లాడిన ఒక నాణేల వ్యాపారి, శుభ్రంగా కడిగి ఫొటోలు పంపితే మంచి ధర ఇస్తానన్నాడు. కడగకపోతే వాటి మీద ఏముందో తెలియదు, కడిగితే పాడవుతాయేమోనని భయంగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పాలమూరు నాణేలు

ముందుగా, ఊరి పేరు రాయకపోవడం మంచిపని. అది తెలిస్తే ఈ వారమే మీ చేనులో రాత్రిపూట టార్చిలైట్లు కనిపించేవి. గుప్తనిధుల పేరుతో మన జిల్లాల్లో గుళ్ల గర్భాలయాలే తవ్వుతుంటే, వేపచెట్టు ఒక లెక్కా?

ఇక మీ ప్రశ్న. నేను పాతికేళ్లుగా నాణేలు సేకరిస్తున్నాను. అందులో మొదటి నాలుగేళ్లు నాణేలు పాడుచేయడంలోనే గడిచాయని ఒప్పుకోవాలి. అప్పట్లో మహబూబ్‌నగర్ పాత బస్టాండు దగ్గర ఒక ముసలాయన దగ్గర హాలీ రూపాయి, అంటే నిజాం కాలపు వెండి రూపాయి, ఒకటి కొన్నాను. నల్లగా ఉందని ఇంటికి తెచ్చి నిమ్మకాయ చెక్కతో, పండ్లపొడితో రుద్దాను. అరగంటకు అద్దంలా తయారైంది. సంబరంగా ఒక పెద్ద సేకర్తకు చూపిస్తే, ఆయన బిళ్లను వెలుతురులో ఒక్కసారి తిప్పి, మాటైనా మాట్లాడకుండా తిరిగి నా చేతిలో పెట్టారు. చార్మినార్ బిళ్లలో నడిమి కమాను లోపల ఒక చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానివైతే మీమ్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానివైతే ఐన్. 1911 తర్వాత మొదట్లో ఆ ఐన్‌ను కురచగా చెక్కి, తర్వాత పూర్తి రూపంలో చెక్కారు. ఆ తేడాను బట్టే సేకర్తలు రకాలు విడదీస్తారు. ఆవగింజంత ఉండే ఆ అక్షరాన్నే నేను పండ్లపొడితో అరగదీశాను. నా బిళ్ల ఏ రకమో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

అందుచేత మీ పెద్ద బిళ్లను అస్సలు ముట్టుకోవద్దు. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకంతో వెండి కలిసినప్పుడు ఏర్పడే పొర అది. పలచగా, సమంగా ఉన్నప్పుడు సేకర్తలు దానికోసమే ఎక్కువ డబ్బు పెడతారు. పచ్చమచ్చలు చూసి వెండి కాదేమోనని అనుమానించవద్దు. హాలీ రూపాయిలో వెండి 81.8 శాతమే, తక్కినదాంట్లో రాగి ఉంది. నేలలో ఏళ్ల తరబడి ఉంటే ఆ రాగి పైకి వచ్చి పచ్చబడుతుంది. బరువు 11.18 గ్రాముల దరిదాపుల్లో ఉందేమో చూడండి. కూరగాయల కాటా కాదు, బంగారం తూచే కాటా మీద.

మందపాటి రాగి బిళ్లలు ఫొటో చూడకుండా చెప్పడం సాహసమే కానీ, మన ప్రాంతపు చేలలో అలాంటివి ఎక్కువగా కుతుబ్‌షాహీల ఫలూసులే, అంటే వాళ్ల రాగి నాణేలే, అవుతుంటాయి. అబ్దుల్లా కుతుబ్‌షా వేయించిన వాటి మీద హిజ్రీ 1068, అంటే 1657-58, తేదీతో పాటు ‘ఖతమ్ బిల్ ఖైర్ వస్సఆదత్’ అనే మాట ఉంటుంది. శుభంగా, సౌభాగ్యంతో ముగిసిందని దాని అర్థం. ఔరంగజేబు 1656లో గోల్కొండను ముట్టడించి వెళ్లాక వచ్చిన బిళ్లల మీద ఆ మాట చదివినప్పుడల్లా నాకు కొంచెం నవ్వు, కొంచెం జాలి కలుగుతాయి. అవి అరుదైనవేమీ కావు, ధర కూడా పెద్దగా పలకదు. కానీ చదవగలిగిన ఫలూసుకూ, తోమిన ఫలూసుకూ మధ్య ఉన్న తేడా బిళ్లకూ రాగి ముక్కకూ ఉన్న తేడాయే.

వ్యాపారి కడిగి పంపమన్నాడంటే ఆశ్చర్యమేమీ లేదు. కడిగి చెడగొడితే నష్టం మీది, అదృష్టవశాత్తు బాగా వస్తే లాభం ఆయనది. పైగా మీరు కడిగి తెచ్చిన రోజున ‘అయ్యో, కడిగేశారా’ అని ధర సగానికి దించేదీ ఆయనే. నాణెం స్థితిని బట్టి అంకె ఇచ్చే విదేశీ గ్రేడింగ్ సంస్థలైన ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటివి కూడా తోమిన నాణేనికి మామూలు అంకె ఇవ్వవు. ‘శుభ్రపరచినది’ అని చీటీ మీద రాసి పక్కన పెడతాయి.

దేవరకొండ కెమిస్ట్రీ

కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పాను కనుక ఆ కోణంలో రాస్తున్నాను. పై మిత్రుడి మాటలతో ఏకీభవిస్తూనే, ‘ముట్టుకోవద్దు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం కుదరదంటాను; ఎందుకంటే మీ దగ్గర మూడు రకాల లోహాలున్నాయి, మూడింటి స్వభావం మూడు దారుల్లో ఉంటుంది.

బిళ్ల మీద కనిపించేదాన్ని మొదట విడివిడిగా చూడాలి. గోధుమరంగులో, గోటికి రాలిపోయేది మట్టి. గట్టిగా, నున్నగా, ముదురాకుపచ్చగా లోహానికి అతుక్కుని ఉన్నది చిలుము. రాగి వందల ఏళ్లపాటు నేలలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి తయారుచేసుకున్న కార్బనేటు పొర అది. లోపలి లోహానికి అదే కవచం. ఇక్కడ చాలామంది గ్రహించని విషయం ఒకటుంది. పైపొరలోని రాగి చిలుముగా మారినప్పుడు, అక్షరాల అంచులు కూడా ఆ చిలుములోనే నిలిచిపోతాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తే అక్షరాల మీది మురికి పోవడం కాదు, అక్షరాలే పోతాయి. మీ అమ్మగారి బిళ్ల మీద గీతలు వేలికి తగలకపోవడానికి కారణం అదే. కూల్ డ్రింకులో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం కనుక ఫలితంలో తేడా ఏమీ ఉండదు, బంకతనం అదనం.

ఇవి రెండూ కాక మూడోది ఉంది, అదే అసలు ప్రమాదం. లేత ఆకుపచ్చ రంగులో, సున్నపుపిండిలా మెత్తగా, చుక్కలు చుక్కలుగా కనిపించి, దులిపితే పోయి నాలుగు రోజుల్లో మళ్లీ అదే చోట పుట్టుకొచ్చేదాన్ని ‘కంచు రోగం’ అంటారు. నేలలోని ఉప్పు రాగిలోకి చేరి క్యూప్రస్ క్లోరైడుగా కూర్చుంటుంది. బిళ్ల బయటికి వచ్చి గాలి, తేమ తగలగానే అది పని మొదలుపెట్టి లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. నేలలో మూడు వందల ఏళ్లు క్షేమంగా ఉన్న బిళ్ల మన బీరువాలో మూడు వానాకాలాల్లో పొడైపోవడానికి కారణం ఇదే. అలాంటి చుక్క కనిపించిన బిళ్లను వెంటనే వేరుచేసి, గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి పెట్టాలి. చుట్టూ తేమ 40 శాతం లోపే ఉండేలా చూస్తే రోగం నిద్రపోతుంది. మందు వేయించాలంటే అది మ్యూజియం రసాయన విభాగం పని. అక్కడ వాడే బెంజోట్రయజోల్ ఇంట్లో వాడదగిన పదార్థం కాదు.

నీళ్ల సంగతి మన జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరునీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో లోకమంతటికీ తెలుసు. దాన్ని తీసే పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. అందులో పటిక, సున్నంతో పాటు బ్లీచింగ్ పౌడరు కూడా కలుపుతారు. బోరునీరైతే లవణాలు, నల్లా నీరైతే క్లోరిన్. రాగి బిళ్లకు రెండూ శత్రువులే. కాబట్టి మట్టి తీయాలనుకుంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంలో దొరుకుతుంది, కానీ అదే అరలో బ్యాటరీ ఆసిడ్ సీసా కూడా ఉంటుంది. చీటీ చదివి మరీ తెచ్చుకోండి. రాగి బిళ్లలను గాజు గిన్నెలో ఆ నీళ్లలో ఒక రోజు ఉంచి, నీళ్లు మార్చి మరో రోజు ఉంచితే మట్టి దానంతటదే వదులుతుంది. తీశాక మెత్తటి నూలుబట్ట మీద ఉంచి అద్దాలి, రుద్దకూడదు. చింతపండు పడిన బిళ్లను కూడా ఇలాగే రెండు మూడుసార్లు నీళ్లు మార్చి ఉంచండి. పులుపు ఏమాత్రం మిగిలినా పని చేస్తూనే ఉంటుంది. దాన్ని మళ్లీ నల్లబరచాలని ప్రయత్నించవద్దు, కాలమే ఆ పని చేస్తుంది.

బూడిదరంగు చిన్న బిళ్లలు మాత్రం ఆ నీళ్లలో కూడా వేయకండి. మీరు చెప్పిన బరువు, తెల్లపొడి చూస్తే అవి సీసపువి అనిపిస్తోంది. లవణాలు లేని మెత్తని నీళ్లలో సీసం మెల్లగా కరుగుతుంది. పులుపు తగిలితే మరీ త్వరగా పోతుంది. చెక్కపెట్టెలోనూ పెట్టవద్దు, కొన్ని రకాల కలప నుంచి వెలువడే వెనిగర్ ఆవిరి చాలు, సీసం తెల్లగా పొడిబారడానికి. ఆ తెల్లపొడి విషపూరితం. వాటిని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి, వంటింటి అలమరలో అస్సలు ఉంచవద్దు, పిల్లలకు ఇవ్వవద్దు.

గద్వాల లూప్

మా ఇంట్లో మూడు తరాలుగా అవుసలి పనే. పై ఇద్దరూ చెప్పింది కాదనను కానీ, వారి మాటలు విన్నవాళ్లు బిళ్లకు మట్టి అంటుకుని ఉండటమే గౌరవమని అనుకునే ప్రమాదముంది. చదవడానికి వీలుకాని బిళ్ల ఎవరికి ఉపయోగం? మ్యూజియం వాళ్లు కూడా శుభ్రం చేస్తారు. తేడా అల్లా వాళ్లు ఎక్కడ ఆగాలో తెలిసి చేస్తారు.

నేను చేసే పద్ధతి రాస్తాను. నీళ్లలో నానిన రాగి బిళ్లను మెత్తటి బట్ట మీద పెట్టి, కంటికి పది రెట్ల లూప్ (పనివాళ్ల భూతద్దం) పెట్టుకుని, తుమ్మముల్లుతో పని మొదలుపెడతాను. సూది వద్దు, ఇనుప బ్రష్షు వద్దు, బ్లేడు అసలే వద్దు. రాగి కన్నా ఉక్కు గట్టిది, ముల్లు మెత్తనిది. ముల్లు మొన అరిగినప్పుడల్లా కొత్త ముల్లు తీసుకుంటాను. ఒక చేతి కదలికలో ఆవగింజంత మట్టి తప్ప ఎక్కువ తీయను. అక్షరం గాడిలో మట్టి పొరలాగా లేస్తుంది, అది లేచాక కింద నున్నటి పచ్చదనం కనిపిస్తే ముల్లు ఆపేస్తాను. ఎరుపు కనిపిస్తే, అప్పటికే ఎక్కువ దూరం పోయినట్టు. ఒక ఫలూసు ఒక పక్క చేయడానికి నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. అంత ఓపిక లేదనుకుంటే మొదలే పెట్టవద్దు.

మీ దగ్గర ఐదు రాగివి ఉన్నాయి, ఒకటి ఎలాగూ పోయింది. ఆ పోయినదాని మీదే రెండు వారాలు చెయ్యి సాధన చేసుకోండి. తర్వాత మిగిలిన నాలుగింటిలో అన్నిటికన్నా అరిగినదాన్ని ఎంచుకోండి. నూనెలో నెలల తరబడి నానబెట్టమని కొందరు చెబుతారు. నూనె కూడా నెమ్మదిగా పులుస్తుంది, పైగా తర్వాత ఆ జిడ్డు వదిలించడం వేరే తలనొప్పి. ఇంకొక్క మాట. మా పనివాళ్లలోనే కొందరు నగలకు చేసినట్టు ఆసిడ్‌లో ముంచి, మంటకు కాచి ఇస్తారు. వాళ్ల చేతికి ఇవ్వకండి. ఈ మాట రాయడానికి నాకు ఇబ్బందిగానే ఉంది, కానీ రాయాలి.

మాజీ గిర్దావరు

నేను రెవెన్యూలో పనిచేసి విరమించాను. ఇంతమంది ఇంత చక్కగా చెప్పాక నా మాట చేదుగా ఉంటుంది. కడగాలా వద్దా అన్నది తర్వాత, అవి ముందు మీవేనా అన్నది తేలాలి.

1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన, పది రూపాయల విలువ దాటిన ఏ వస్తువునైనా కనుగొన్నవారు, ఏమి దొరికింది, ఎంత దొరికింది, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్న వివరాలతో కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పది రూపాయలన్నది ఆ కాలపు లెక్క. ఇప్పుడు మీ ఒక్క చార్మినార్ బిళ్లే ఆ హద్దు దాటుతుంది. తెలపకపోతే మీకు రావలసిన వాటా పోవడమే కాక, ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకొక మాట ఉంది: దొరికిన నిధిని గుర్తుపట్టకుండా ఉండేలా మార్చినా అదే శిక్ష. చింతపండు తోముడును ఎవరూ అంత దూరం తీసుకుపోరు, కంగారు పడకండి. కరిగించేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. కానీ దరఖాస్తు ఇవ్వకముందే కడిగి, వ్యాపారికి ఫొటోలు పంపి, బేరం మొదలుపెట్టారంటే మాత్రం మీ సదుద్దేశం ఎవరికీ కనిపించదు. స్వాధీనం చేసుకోవాలని ప్రభుత్వం అనుకుంటే, లోహపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉంది.

సీసపు బిళ్లల సంగతికి వస్తే, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి; ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు ఉన్న క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల ఇక్ష్వాకు రాజుల కాలపు నాణేలవి. అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికింది కూడా మన నల్లగొండ నేలలోనే. హాలీ రూపాయీ, ఫలూసులూ మనుషులు నడుస్తూ పోగొట్టుకున్నవి కావచ్చు. సీసపువి మూడూ ఒకే చోట దొరికి ఉంటే మాత్రం కింద ఇంకేమైనా ఉండే అవకాశం ఉంది. అక్కడ మళ్లీ గడ్డపార వేయకండి. బిళ్ల ఎంత లోతులో, ఏ మట్టిపొరలో, దేని పక్కన ఉందన్నది పురావస్తువాళ్లకు బిళ్ల మీది బొమ్మకన్నా ఎక్కువ చెబుతుంది. ఆ సమాచారం ఒకసారి తవ్వితే తిరిగి రాదు.

పత్తిచేను

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు చదివాక నిన్న ఊరికి వెళ్లి, దొరికిన చోట నాలుగు రాళ్లు పెట్టి, వేపచెట్టు నుంచి, గట్టు మూల నుంచి టేపుతో కొలిచి కాగితం మీద గీసి పెట్టుకున్నాను. రాగి బిళ్లలు, చార్మినార్ బిళ్ల ఒక దగ్గర, సీసపువి వాటికి మూరెడు అవతల, మూడూ ఒకేచోట దొరికినట్టు నాకు బాగా గుర్తుంది. చింతపండు పడిన బిళ్లను మాత్రమే డిస్టిల్డ్ వాటర్‌లో వేశాను. వ్యాపారికి ఫోను చేసి ఇవ్వడం లేదని చెప్పాను. ఆయన వెంటనే కడగకపోయినా తీసుకుంటానన్నాడు, ధర మాత్రం పెంచాడు.

నాకు మిగిలిన అనుమానాలు రెండు. మొదటిది, దరఖాస్తు తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వవచ్చా, నేరుగా కలెక్టరేట్‌కే వెళ్లాలా? రెండోది, సీసపు బిళ్లల్లో ఒకదాని మీద తెల్లపొడి దానంతటదే కొంత రాలి, ఒక పక్క నాలుగు చిన్న గుండ్రాలు, వాటిని కలుపుతూ కూడిక గుర్తులాంటిది కనిపిస్తోంది. రెండో పక్కను ఇంకా తాకలేదు. ముల్లుతో కొంచెం చూడవచ్చా?

మాజీ గిర్దావరు

కలెక్టరు పేరున రాసి, కలెక్టరేట్ ఇన్‌వార్డులో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. ఇంకో నకలు తహసీల్దారుకు ఇవ్వండి. బిళ్లలను తూచి, రెండు పక్కలా స్కేలు పెట్టి ఫొటోలు తీసి దరఖాస్తుకు జతచేయండి. తోమిన బిళ్ల విషయం దాచకుండా రాయండి. ‘మా అమ్మ తెలియక తోమినది’ అని ఒక్క వాక్యం చాలు.

పాలమూరు నాణేలు

నాలుగు గుండ్రాలు, నడుమ కూడిక గుర్తు అంటే అది ఉజ్జయిని గుర్తే. రెండో పక్కన ఏనుగు ఉంటుందా అని నాకు మీకన్నా ఎక్కువ ఆత్రంగా ఉంది. అయినా ముల్లు పెట్టకండి. గద్వాల మిత్రుడి ముల్లు రాగి బిళ్లకు మెత్తనిదే కానీ, సీసం గోటికే గీత పడే లోహం. పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియం మీకు దగ్గరే కదా, దరఖాస్తు నకలు పట్టుకుని అక్కడ ఒకసారి అడగండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి పంపాలంటే వాళ్లే దారి చెబుతారు. అంతవరకు మూడింటినీ విడివిడిగా మెత్తటి కాగితంలో చుట్టి గాజు సీసాలో ఉంచండి. నాణేల ఆల్బమ్‌ల మెత్తటి పీవీసీ సంచుల్లో మాత్రం వద్దు, ఆ ప్లాస్టిక్ నుంచి వచ్చే జిడ్డు రాగినైనా పచ్చబరుస్తుంది.

పత్తిచేను

సరేనండి, సోమవారం సెలవు పెట్టి కలెక్టరేట్‌కు వెళుతున్నాను. సీసపువి కాగితంలో చుట్టి గాజు సీసాలో వేసి, సీసా మీద ‘ముట్టుకోవద్దు’ అని రాశాను. అమ్మ దాన్ని చూసి, ‘నా గుండు సంగతి ఏమైంది?’ అని అడిగింది. పత్తి అమ్మగా మిగిలిన బోరేలు రెండు కొట్టంలో ఉన్నాయి, డిటెక్టర్ ఈసారి వాటి మీద తిప్పి చూస్తాను.